రోలరు గట్టిగా ఉంటే చాలదు... లోపల ఏం కలిపారో చెప్పాలి

తుంగభద్ర ఆయకట్టు కింద గంగావతి, కారటగి, సింధనూరు, సిరుగుప్ప, మాన్వి వైపు వరి పండించే మనవాళ్లకి రబ్బరు కెమిస్ట్రీతో పనేముందని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. 1953లో డ్యామ్‌కి నీళ్లొచ్చాక కోస్తా నుంచి బండ్లు కట్టుకుని వచ్చి క్యాంపులు వేసుకున్న మన పెద్దలు పండించిన ప్రతి వడ్లగింజా ఇవాళ రెండు రబ్బరు రోలర్ల మధ్య నలిగాకే బియ్యం అవుతోంది. ఆ రోలరు మంచిదైతే గింజ నిలుస్తుంది. నాసిదైతే నూక అవుతుంది. నూక పెరిగితే మిల్లరు నష్టాన్ని తన దగ్గర ఉంచుకోడు, వడ్ల ధరలో కోసుకుంటాడు. అంటే రబ్బరులో ఏం కలిపారన్నది చివరికి రైతు జేబు దాకా వచ్చే విషయం.

ఏ మిల్లుకి వెళ్లినా ఇదే మాట వినిపిస్తుంది. "పోయినసారి జత నెలొచ్చింది, ఈసారి జత పక్షం కూడా రాలేదు. అదే సైజు, అదే గట్టిదనం, పైగా బరువు కూడా ఎక్కువే. ఎందుకిలా అయింది?" అంటారు. కొట్టు అతన్ని అడిగితే వడ్లలో తేమ అంటాడు, ఆపరేటరు బిగింపు సరిగా పెట్టలేదంటాడు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ అసలు సంగతి రోలరు లోపల ఉంది. దాని గురించి కొనేవాడికి ఒక్క ముక్కా చెప్పకుండా అమ్మే పద్ధతి మన దగ్గర పాతుకుపోయింది. ఈ పద్ధతి మారాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

రోలరు చేసే పని

ముందు రోలరు ఏం చేస్తుందో చూద్దాం. షెల్లర్‌లో రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. రెండింటి వేగం ఒకటి కాదు. ఒకటి రెండోదానికంటే ఇంచుమించు 20 నుంచి 25 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. మధ్య సందు వడ్లగింజ మందం కంటే తక్కువ ఉంటుంది. గింజ అందులో పడగానే ఒకవైపు నెమ్మదిగా, ఒకవైపు వేగంగా లాగబడి ఊక విడిపోతుంది. రెండు అరచేతుల మధ్య వేరుశెనక్కాయ పొట్టు నలిపినట్టే అనుకోండి. పాత హల్లర్ మిల్లుల్లో ఇనుము మీద ఇనుము రాపిడితో గింజ ముక్కలయ్యేది. రబ్బరు కాస్త లొంగుతుంది కాబట్టి గింజ బతుకుతుంది.

కానీ ఆ లొంగడానికి ఒక ఖరీదు ఉంది. వడ్ల ఊక పైపొరలో సిలికా ఉంటుంది. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అంటే ప్రతి గింజా ఒక చిన్న గరుకు కాగితంలాగా రోలర్ని గీకుతూ పోతుంది. గంటకి కోట్ల గింజలు. దానికి తోడు రాపిడి వేడి. వేడెక్కితే రబ్బరు మెత్తబడుతుంది, మెత్తబడితే ఇంకా తొందరగా అరుగుతుంది. వేగంగా తిరిగే రోలరు ముందు అరుగుతుంది కాబట్టే మన ఆపరేటర్లు మధ్యలో రెండింటినీ అటూ ఇటూ మారుస్తారు. అరుగుదల సమానంగా లేకపోతే ఒకచోట గింజ ఊక విడవకుండా జారిపోతుంది. అప్పుడు ఆపరేటరు బిగింపు పెంచుతాడు. బిగింపు పెరిగితే వేడి, వేడితో ఇంకా అరుగుదల, చివరికి నూక.

కాబట్టి రోలరు రబ్బరుకి మూడు గుణాలు కావాలి. రాపిడికి ఓర్చుకోవాలి, వేడెక్కినా గట్టిదనం పోకూడదు, గింజ మీద మచ్చ పడకూడదు. ఈ మూడూ ఉత్త రబ్బరులో ఉండవు. రబ్బరులో కలిపే పొడి వల్ల వస్తాయి. ఆ పొడినే పరిశ్రమలో ఫిల్లర్ అంటారు, మన మాటలో నింపుడు పొడి అనుకుందాం.

పొడి అంటే కల్తీ అనుకోవద్దు

ఫిల్లర్ అనగానే పాలల్లో నీళ్లు, కారంలో ఇటుకపొడి గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరునే తీసుకోండి. పొడి ఏమీ కలపకుండా వల్కనైజ్ చేస్తే చదరపు సెంటీమీటరుకి 20, 30 కిలోల బలానికే తెగిపోతుంది. అదే 100 పాళ్ల రబ్బరులో 50 పాళ్లు మంచి కార్బన్ బ్లాక్ కలిపితే 200 కిలోలు దాటినా నిలుస్తుంది. అంటే ఏడెనిమిది రెట్ల పైమాటే. సహజ రబ్బరు సంగతి వేరు. దాన్ని సాగదీస్తే లోపలి గొలుసులు వాటంతట అవే వరసకట్టి గట్టిపడతాయి, అందుకే పొడి లేకపోయినా బలంగానే ఉంటుంది. కానీ రాపిడికి ఓర్చుకోవాలంటే దానికీ పొడి తోడు కావాల్సిందే.

ఈ సంగతి తెలిసింది కూడా ఎప్పుడో కాదు. మొదట్లో మోటారు టైర్లు తెల్లగా ఉండేవి, వాటిలో జింక్ ఆక్సైడ్ కలిపేవారు. 1904లో ఇంగ్లండులోని సిల్వర్‌టౌన్ రబ్బరు ఫ్యాక్టరీలో పనిచేసే ఎస్.సి. మోట్ అనే ఆయన కార్బన్ బ్లాక్ కలిపితే రబ్బరు ఎంత బలపడుతుందో గమనించారు. ఆ తర్వాత పదేళ్లలో టైర్లు నల్లబడ్డాయి, వాటి ఆయుష్షూ పెరిగింది. ఇవాళ లారీ టైరు నల్లగా ఉండటానికి కారణం రంగు కాదు, బలం కోసం వేసిన ఆ మసి.

అయితే అన్ని పొడులూ ఒకటి కాదు. ఇక్కడే అసలు తేడా. పొడి రేణువు ఎంత చిన్నదైతే రబ్బరుని అంత గట్టిగా పట్టుకుంటుంది. టైరు తొడుగులో వాడే ఎన్ 330 రకం కార్బన్ బ్లాక్ రేణువు దాదాపు 30 నానోమీటర్లు. ఎన్ 990 అనే ముతక రకం 200 పైనే. మామూలు సున్నపురాయి పొడి, మార్కెట్లో వైటింగ్ అంటారే, దాని రేణువు కొన్ని మైక్రాన్లు, అంటే కొన్ని వేల నానోమీటర్లు. గులకరాయికీ బండరాయికీ ఉన్నంత తేడా. చిన్న రేణువుల పొడి ఒక గ్రాము తీసుకుంటే దాని ఉపరితలం అంతా కలిపి వంద చదరపు మీటర్ల పైన ఉంటుంది. అంటే ఒక మోస్తరు ఇల్లంత. అంత ఉపరితలానికి రబ్బరు అతుక్కుంటుంది కాబట్టే బలం. సున్నపురాయి పొడికి, మామూలు చైనా క్లేకి ఆ పట్టు ఉండదు. అవి చోటు నింపుతాయి, గట్టిదనం పెంచుతాయి, ధర తగ్గిస్తాయి. బలం మాత్రం పెంచవు.

వాటికీ వాటి చోటు ఉంది. కాళ్లు తుడుచుకునే మ్యాట్‌కి, బాత్‌రూములో పరిచే షీటుకి సున్నపురాయి పొడి వేస్తే తప్పేం లేదు. అక్కడ బలంతో పెద్ద పని లేదు. రోజుకి పది పన్నెండు గంటలు వడ్ల కింద నలిగే రోలరుకి అదే పొడి నింపి, చెప్పకుండా అమ్మితే అది తప్పు.

ఎక్కువ వేస్తే మంచిదా?

మంచి పొడి అయినా ఎంతైనా వేయొచ్చని కాదు. పొడి పెంచుతూ పోతే గట్టిదనం పెరుగుతూనే ఉంటుంది. సాగే గుణం, తిరిగి లేచే గుణం తగ్గుతూనే ఉంటాయి. లోపల పుట్టే వేడి పెరుగుతుంది. కానీ తెగే బలం, చిరుగుడుకి ఓర్పు, రాపిడికి ఓర్పు... ఈ మూడూ ఒక స్థాయి వరకు పెరిగి తర్వాత పడిపోతాయి. రేణువులకి చుట్టుకోడానికి రబ్బరు చాలక ఒకదానికొకటి ముద్దకడతాయి. ఆ ముద్ద దగ్గరే పగులు మొదలవుతుంది. పప్పులో ఉప్పు చాలకపోయినా బాగుండదు, గుప్పెడు వేసినా తినలేం, అలాంటిదే ఇదీ.

ఇంకో చిక్కుంది. రోలర్లు, టైర్లు, బెల్టులు... వీటిలో ఒకే రబ్బరు వాడరు. రెండు మూడు రకాలు కలుపుతారు. సహజ రబ్బరుతో ఎస్‌బీఆర్, లేదా నైట్రైల్ రబ్బరు, ఒక్కోసారి బ్యూటాడయీన్ రబ్బరు. ఒకటి చిరుగుడుకి ఓర్చుకుంటుంది, ఇంకోటి రాపిడికి, మరోటి నూనెకి. కలిపితే అన్నీ వస్తాయని ఆశ. కానీ రబ్బర్లు నీళ్లూ పాలూ కలిసినట్టు కలవవు. నూనె చుక్కల్లాగా ఒకదానిలో ఒకటి విడివిడిగానే ఉంటాయి. ఇక వాటిలో వేసిన పొడి రెండింటికీ సమానంగా పంచుకోబడదు. కార్బన్ బ్లాక్‌కి సహజ రబ్బరు కంటే బ్యూటాడయీన్ రబ్బరు, ఎస్‌బీఆర్ అంటే మొగ్గెక్కువ. సిలికాకి నైట్రైల్ లాంటి ధ్రువగుణం ఉన్న రబ్బరు దగ్గర చనువెక్కువ. ఒకవైపు పొడి పేరుకుపోతే రెండోవైపు బోసిగా, బలహీనంగా మిగిలిపోతుంది. కాగితం మీద అదే రబ్బరు, అదే పొడి, అవే పాళ్లు. అయినా ఏ రబ్బరులో ముందు పొడి కలిపారు, మిల్లులో ఎంతసేపు కలిపారు అన్నదాన్ని బట్టి ఒక రోలరు నెలొస్తుంది, ఇంకోటి పక్షం రాదు. వంటలో కూడా చింతపండు ముందు వేస్తే పప్పు ఉడకదు కదా!

తెల్ల పొడి మొండిది

రోలర్లలో చాలావాటిని తెల్లగానో, లేతరంగులోనో చేస్తారు. కార్బన్ బ్లాక్ వేస్తే బియ్యం మీద నల్ల మచ్చలు పడతాయన్న భయం. నల్ల రోలర్లు లేవని కాదు గానీ తినే గింజ కాబట్టి తెల్ల పొడికే మొగ్గు. బలాన్నిచ్చే తెల్ల పొడి ఒకటే చెప్పుకోదగ్గది, ప్రెసిపిటేటెడ్ సిలికా. రేణువు చాలా సన్నం, ఉపరితలం చాలా ఎక్కువ.

కానీ ఇది మొండి ఘటం. దాని పైన ఉండే హైడ్రాక్సిల్ గుంపులు ఒకదాన్నొకటి లాక్కుని ముద్దకడతాయి. గాలిలో తేమని పీలుస్తాయి. గంధకంతో రబ్బరు ఉడకడానికి వేసే యాక్సిలరేటర్లని కూడా పీల్చేసుకుని ఉడుకు ఆలస్యం చేస్తాయి. సగం ఉడికిన రోలరు పైకి బాగానే కనిపిస్తుంది, వేడెక్కగానే లొంగిపోతుంది. దీనికి విరుగుడు సైలేన్ అనే రసాయనం. ఒక చెయ్యి సిలికాని, ఇంకో చెయ్యి రబ్బరుని పట్టుకునే పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. 1990ల మొదట్లో మిషలిన్ కంపెనీ సిలికా, సైలేన్ జోడీతో టైరు తెచ్చాకే సిలికాకి పెద్దపీట పడింది. రోడ్డు మీద దొర్లేటప్పుడు పుట్టే వేడి తగ్గి డీజిలు ఆదా అవుతుంది. వేడి తగ్గడం అన్న ఆ గుణమే మన రోలరుకీ కావాల్సింది.

సిలికాకి ఖరీదు ఉంది, సైలేన్‌కి ఇంకా ఖరీదు. అందుకని చిన్న తయారీదారు ఏం చేస్తాడు? సిలికా తగ్గించి సున్నపురాయి పొడి, చైనా క్లే పెంచుతాడు. గట్టిదనం మీటరు పెట్టి చూస్తే ముల్లు అదే 85, 90 దగ్గర నిలుస్తుంది. మనం గోరుతో నొక్కి "బాగా గట్టిగా ఉందయ్యా" అని సంతోషపడి కొంటాం. గట్టిదనం ఏ పొడితోనైనా వస్తుంది, ఓర్పు మాత్రం మంచి పొడితోనే వస్తుంది. ఈ ఒక్క ముక్క మన మిల్లర్లందరూ గుర్తుపెట్టుకుంటే సగం మోసం ఆగిపోతుంది.

బరువు చూసి మురిసిపోవద్దు

రెండో భ్రమ బరువు. బరువుగా ఉంటే సరుకు ఎక్కువుందని మన నమ్మకం. రబ్బరులో ఇది తలకిందులు. సహజ రబ్బరు సాంద్రత 0.93, నీటికంటే తేలిక. కార్బన్ బ్లాక్ 1.8, సిలికా 2, చైనా క్లే 2.6, సున్నపురాయి పొడి 2.7. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి, అంటే బెరైటీస్, 4 పైమాటే. లెక్క కట్టి చూడండి. 100 పాళ్ల రబ్బరులో 50 పాళ్లు సిలికా వేస్తే మిశ్రమం సాంద్రత 1.13 దగ్గర ఉంటుంది. అదే 150 పాళ్లు సున్నపురాయి పొడి కొడితే 1.53 అవుతుంది. మిగతా సరుకుల వల్ల కొంచెం అటూ ఇటూ మారినా తేడా దాగదు. అంటే బరువెక్కిన రోలరులో ఉన్నది ఎక్కువ రబ్బరు కాదు, ఎక్కువ రాయి.

దీన్ని మిల్లులోనే చూసుకోవచ్చు. అరిగిపోయిన రోలరు నుంచి చిన్న రబ్బరు ముక్క కోయండి. కంసాలి తూకం లాంటి సన్న తూకంలో తూచండి, 100 గ్రాములనుకుందాం. దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకి తగలకుండా వేలాడదీసి మళ్లీ తూచండి. నీళ్లలో 12 గ్రాములు తూగితే తగ్గింది 88. నూరుని 88తో భాగిస్తే 1.14. నీళ్లలో 35 గ్రాములు తూగితే తగ్గింది 65, సాంద్రత 1.54. ఇంకో గుర్తు. రబ్బరుని ప్రయోగశాల కొలిమిలో కాలిస్తే కార్బన్ బ్లాక్ కాలిపోతుంది, ఖనిజాల పొడులు బూడిదగా మిగులుతాయి. ఆ బూడిద మీద ఆసిడ్ చుక్క వేస్తే పొంగితే అందులో సున్నపురాయి ఉన్నట్టే. కానీ ఇది ల్యాబువాళ్లు చేయాల్సిన పని. రబ్బరుని ఇంటి దగ్గర కాల్చి ఆ పొగ పీల్చకండి.

సాంద్రత ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. చవక నూనె, రీసైకిల్ రబ్బరు పొడి వేసి కూడా తేలిక చేయొచ్చు. అసలైన పరీక్ష మిల్లు పుస్తకమే. ఏ తేదీన ఏ జత ఎక్కించారు, ఎన్ని క్వింటాళ్లు ఆడింది, నూక ఎంత వచ్చింది... ఈ మూడు గళ్లు రాయండి. మాటవరసకి ఒక జత 6 వేలకి కొంటే 1,500 క్వింటాళ్లు ఆడింది, ఇంకోటి 4,500కి కొంటే 900 క్వింటాళ్లే ఆడిందనుకోండి. మొదటిది క్వింటాలుకి 4 రూపాయలు, రెండోది 5. చవక అనుకున్నది ఖరీదైంది. పైగా మార్చడానికి మిల్లు ఆపిన గంటలు, పెరిగిన నూక లెక్కలోకి రానే లేదు.

తప్పంతా తయారీదారుదేనా?

న్యాయంగా మాట్లాడుకోవాలి. రోలర్లు చేసే చిన్న యూనిట్లవాళ్లని మనమే నలిపేస్తున్నాం. పది రూపాయలు తగ్గిస్తావా, పక్కవాడు తగ్గించాడు అని బేరమాడతాం. ఏం కలిపావని మాత్రం ఒక్కరోజూ అడగం. బేరానికి దిగిన ప్రతిసారీ అతను ఒక తట్ట సిలికా తీసి ఒక తట్ట సున్నపురాయి పొడి పోస్తాడు. అడిగేవాడు లేనప్పుడు మంచి సరుకు చేసేవాడే నష్టపోతాడు. అంచేత బాధ్యత రెండువైపులా ఉంది. కానీ తెలిసినవాడు చెప్పకపోవడం, తెలియనివాడు అడగకపోవడం రెండూ ఒకే బరువు కావు. లోపలేముందో తెలిసినవాడు చెప్పాలి.

మన ఊకలోనే ఆ పొడి

ఇక నా అసలు బాధ. రోలరుని గీకి పాడుచేసే సిలికా, రోలరుకి బలమిచ్చే సిలికా... రెండూ ఒకటే పదార్థం. అది మన మిల్లు వెనకాల గుట్టలుగా పడుంది. వడ్ల బరువులో ఇంచుమించు ఐదోవంతు ఊక. ఆ ఊక కాలిస్తే మళ్లీ ఐదోవంతు బూడిద. బాగా కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికాయే. అంటే 100 క్వింటాళ్ల వడ్లకి 20 క్వింటాళ్ల ఊక, 4 క్వింటాళ్ల బూడిద, అందులో మూడున్నర క్వింటాళ్ల సిలికా. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో ఈ ఊకే ఇంధనం. బూడిద మాత్రం కాలవ గట్ల మీద, రోడ్డు పక్కన పోస్తాం. గాలొస్తే పక్క క్యాంపు మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద, పిల్లల కళ్లల్లో.

దీన్ని పొడిగా వాడొచ్చని ఊహతో చెప్పడం లేదు. మలేసియా, బ్రెజిల్ పరిశోధకులు 1990ల నుంచీ ఊక బూడిదని రబ్బరులో వేసి పరీక్షిస్తున్నారు. గుడ్‌ఇయర్ కంపెనీ ఊక బూడిద నుంచి తీసిన సిలికాని టైర్లలో వాడతామని 2014లో ప్రకటించింది. అంతెందుకు, మన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనే బూడిద నుంచి ప్రెసిపిటేటెడ్ సిలికా తీసే పద్ధతి రూపొందించారు. బూడిదని కాస్టిక్ సోడాలో ఉడికించి సిలికాని కరిగిస్తారు. ఆ ద్రావణంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే సిలికా తెల్ల పొడిగా విడిపోతుంది. మిగిలిన దాంట్లో సున్నం వేసి కాస్టిక్ సోడాని తిరిగి రాబట్టుకుంటారు. బెంగళూరు నుంచి గంగావతికి ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఆ దూరం దాటి ఈ చదువు మన మిల్లుల వెనక గుట్టల దాకా ఎందుకు రాలేదు?

అయితే తొందరపడి మోసపోవద్దు. బూడిదని నేరుగా జల్లెడపట్టి రబ్బరులో కలిపితే అది ముతక కార్బన్ బ్లాక్ స్థాయిలో, అంటే కాస్తో కూస్తో బలమిచ్చే పొడిగా పనికొస్తుంది. ప్రెసిపిటేటెడ్ సిలికాతో పోటీ పడలేదు. రేణువు పెద్దది, పైన పట్టు తక్కువ. పైగా కాల్చే వేడి ముఖ్యం. సుమారు 700 డిగ్రీలు దాటి ఎక్కువసేపు కాలితే సిలికా స్ఫటికంగా మారడం మొదలవుతుంది. అది కాస్టిక్‌లో త్వరగా కరగదు, రబ్బరుకీ అంత పనికిరాదు. అంతకంటే ప్రమాదం, ఆ స్ఫటిక ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. స్ఫటిక సిలికా ధూళిని క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే లెక్కకట్టింది. బాయిలర్ దగ్గర బూడిద ఎత్తే హమాలీలకి ముక్కుకి తువ్వాలు కట్టుకోమని వదిలేయడం మన సిగ్గుచేటు. మంచి మాస్కు ఇవ్వాలి, బూడిద తడిపి ఎత్తాలి. డబ్బొచ్చే సరుకు అనగానే కూలివాడి ఊపిరి మర్చిపోకూడదు.

ఇతర సరిహద్దుల్లో ఏం జరుగుతోంది?

ఈ రబ్బరు లోకం మనకి కొత్తేం కాదు. తమిళనాడు వైపు చూడండి. గుమ్మిడిపూండిలో కార్బన్ బ్లాక్ ఫ్యాక్టరీ 1990ల నుంచే ఉంది. పక్కన తేర్వాయ్ కండిగైలో మిషలిన్ టైర్ల ఫ్యాక్టరీ, అక్కడే 2023లో మరో కార్బన్ బ్లాక్ ప్లాంటు వచ్చాయి. గీత దాటి ఇటు సత్యవేడు వైపు చినపాండూరులో అపోలో టైర్స్ 2020లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తడ దగ్గరి శ్రీసిటీలో రబ్బరు పరిశ్రమ పరిశోధన సంస్థ ఇర్మ్రాకి దక్షిణాది కేంద్రం ఉంది. అంటే తెలుగు మాట్లాడే ఊళ్ల చుట్టూనే పొడి తయారీ, పొడి వాడకం, పొడి పరీక్ష, మూడూ ఉన్నాయి. వరి పండే మన రాయచూరు, కొప్పళ, బళ్లారి తెలుగువాళ్లు, మహారాష్ట్రలో సిరొంచ వైపువాళ్లు, ఒడిశాలో బరంపురం, రాయగడ వైపువాళ్లు, యానాం మిల్లులవాళ్లు ఈ మూడింటినీ వాడుకోవడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

అడగాల్సినవి

పెద్ద ఉద్యమాలు అక్కర్లేదు. మూడు పనులు చేస్తే చాలు.

ఒకటి, రోలరు కొనేటప్పుడు బిల్లు మీద నాలుగు అంకెలు రాసివ్వమని అడగాలి. గట్టిదనం, సాంద్రత, కాలిస్తే మిగిలే బూడిద శాతం, రాపిడి పరీక్షలో పోయిన పరిమాణం. ఫార్ములా చెప్పమని ఎవరూ అడగట్లేదు, అది అతని వ్యాపార రహస్యం. గుణం చెప్పడం మాత్రం అతని బాధ్యత. ఒక మిల్లరు అడిగితే కొట్టు అతను నవ్వుతాడు. తాలూకా మిల్లర్ల సంఘం అడిగితే రాసిస్తాడు.

రెండు, ప్రతి సంఘం సీజన్‌కి ఒకసారి మార్కెట్లో దొరికే నాలుగైదు రకాల రోలర్ల ముక్కల్ని ఏ పేరూ చెప్పకుండా ల్యాబుకి పంపాలి. ఫలితాన్ని సంఘం బోర్డు మీద పెట్టాలి. పరీక్ష ఖర్చు పదిమంది పంచుకుంటే ఒక జత రోలరు ఖరీదు కూడా కాదు.

మూడు, బూడిద. నాలుగైదు తాలూకాల మిల్లులు కలిసి బూడిదని ఒకచోట చేర్చి, బాయిలర్ వేడి అదుపు దగ్గర నుంచి సిలికా తీసే దాకా ఒక ఉమ్మడి యూనిట్ పెట్టే వీలుందేమో తేల్చమని ప్రభుత్వాన్ని, బెంగళూరు శాస్త్రవేత్తల్ని కలిసి అడగాలి. అది లాభసాటి అవుతుందా కాదా అన్నది లెక్కలు చూశాకే తెలుస్తుంది. లెక్కే చూడకుండా కాలవలో పోసేయడం మాత్రం దండగ.

మన పిల్లలు ఇంజినీరింగ్ అనగానే కంప్యూటర్లంటారు. రబ్బరు టెక్నాలజీ అనే చదువొకటుందని ఖరగ్‌పూర్ ఐఐటీలో, చెన్నై మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరినవాళ్లకి తెలుసు. ఒక్కో క్యాంపు నుంచి ఒక్క పిల్లాడో పిల్లో ఆ చదువు చదివి తిరిగొస్తే, రోలరు బిల్లు మీద అంకెలు చదివి చెప్పేవాళ్లు ఊళ్లోనే ఉంటారు.

మన పెద్దలు రాళ్లూ ముళ్లూ ఉన్న నల్లరేగడి చదునుచేసి వరి నాటినప్పుడు విత్తనం ఏదో, నీళ్లెప్పుడో, ఎరువెంతో అడిగి తెలుసుకునే పండించారు. చేలో అంత జాగ్రత్త పడ్డవాళ్లం మిల్లు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మౌనంగా ఉండాలి? ఈ రబీ వడ్లు మిల్లుకి చేరేలోపు కనీసం ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడదాం. "అయ్యా, ఇందులో ఏం కలిపారు?"